బండి తోలినవాడు



ఒక గుర్రపుబండితో మొదలుపెడతాను. 1905 ఫిబ్రవరి 2, అప్పటి రష్యా క్యాలెండరు లెక్కన. మాస్కోలో చలికాలపు రాత్రి. బండి బొల్షాయ్ థియేటరు వైపు వెళుతోంది. దాని తెల్లటి దీపాల్ని దూరం నుంచే పోల్చుకుని, పల్లెటూరివాడి వేషంలో ఉన్న ఒక యువకుడు దాని మీదికి పరుగెత్తాడు. పేరు ఇవాన్ కల్యాయెవ్. 27 ఏళ్లు. కవిత్వం రాసేవాడు. సహచరులు అతన్ని ‘కవి’ అనే పిలిచేవారు. సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ పోరాట దళంలో సభ్యుడు. చేతిలో బాంబు ఉంది. బండిలో ఉన్నది గ్రాండ్ డ్యూక్ సెర్గేయ్. జారు చక్రవర్తికి బాబాయి. 1891 నుంచి మాస్కోను ఏలినవాడు, వేలాది యూదుల్ని ఆ నగరం నుంచి వెళ్లగొట్టించినవాడు.

కల్యాయెవ్ చెయ్యి పైకి లేచింది. అప్పుడు లోపలికి చూశాడు. డ్యూక్‌తో పాటు ఆయన భార్య ఎలిజబెత్ ఉంది. ఇద్దరు పిల్లలున్నారు. డ్యూక్ తమ్ముడి పిల్లలు వాళ్లు. మరియాకు 14 ఏళ్లు, ద్మిత్రీకి 13. లేచిన చెయ్యి దిగిపోయింది. బండి వెళ్లిపోయింది.

కల్యాయెవ్ నేరుగా తోటలో ఎదురుచూస్తున్న తన నాయకుడు బోరిస్ సవింకోవ్ దగ్గరికి వెళ్లి, నేను చేసింది తప్పా, పిల్లల్ని చంపవచ్చా అని అడిగాడు. దళం అతన్ని తప్పుపట్టలేదు. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 4న, క్రెమ్లిన్ గోడల మధ్య డ్యూక్ పిల్లలు లేకుండా బయలుదేరాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. డ్యూక్ అక్కడికక్కడే ముక్కలైపోయాడు. కల్యాయెవ్ పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. క్షమాభిక్ష కోరడానికి ఒప్పుకోలేదు. మూడు నెలలకు అతన్ని ఉరి తీశారు.

ఈ ఆగిన చెయ్యిని పట్టుకుని ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1949లో ఒక నాటకం రాశాడు. 1951లో ‘తిరుగుబాటుదారుడు’ అనే అర్థం వచ్చే పేరుతో రాసిన గ్రంథంలో ఈ రష్యన్ యువకుల కోసమే కొన్ని పుటలు కేటాయించాడు. రాజకీయ హింస గురించి ఆలోచించిన ప్రతి తత్వవేత్తా ఏదో ఒక రోజు ఈ బండి దగ్గరికి రావలసిందే. కామూ వాదం సంగ్రహంగా ఇది. ఆ యువకులు చంపడం అనివార్యమని నమ్మారు, చంపడం క్షమించరానిదనీ నమ్మారు. ఈ రెంటి మధ్య నలిగి, తీసిన ప్రాణానికి తమ ప్రాణమే ఖరీదుగా కట్టారు. హద్దు ఉందని తెలిసిన హంతకులు వాళ్లు. తర్వాత వచ్చినవాళ్లు ఆ హద్దును చెరిపేశారు, కుర్చీల్లో కూర్చుని చంపడం నేర్చుకున్నారు.

కామూ వాదానికి నేను చాలాకాలం కట్టుబడి ఉన్నాను. ఆ పసివాళ్ల ముందు ఆగిన చెయ్యి నన్ను కదిలించింది, ఇప్పటికీ కదిలిస్తుంది. అయితే చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యం నాకు తర్వాత కనిపించింది. కనిపించాక మరి నిద్రపట్టనివ్వలేదు. ఫిబ్రవరి 4న ఆ బండి మీద ఇంకొక మనిషి ఉన్నాడు. పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నాడు. పేరు అంద్రేయ్ రుదింకిన్. బండి తోలేవాడు. తీవ్రంగా గాయపడి, కొన్ని రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు.

ఆ పిల్లల్ని గురించి నాటకం ఉంది. డ్యూక్ గురించి చరిత్ర ఉంది. కల్యాయెవ్ గురించి తత్వశాస్త్రం ఉంది. బండివాడి సంగతేమిటి? ఏ పేదవాడి కోసం ఆ బాంబు తయారైందో, ఆ పేదవాడే గదా ఆ బండి తోలింది!

ఒక్కసారి ఈ మనిషి కంటపడ్డాక, ఎక్కడ చూసినా కనిపిస్తాడు. 1881లో ఇదే సెర్గేయ్ తండ్రి, చక్రవర్తి రెండో అలెగ్జాండర్ మీద పీటర్స్‌బర్గులో బాంబు పడింది. మొదటి బాంబుకు చక్రవర్తికి దెబ్బ తగల్లేదు. దారినపోతున్న ఒక పిల్లవాడు, ఒక కొసాకు సైనికుడు పడిపోయారు. వాళ్లకేమైందో చూద్దామని చక్రవర్తి బండి దిగాడు, రెండో బాంబుకు బలయ్యాడు. 1908 ఏప్రిల్ 30న మన దేశంలో, ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ కింగ్స్‌ఫర్డ్ అనే జడ్జి బండి అనుకుని వేరే బండి మీద బాంబు వేశారు. చనిపోయింది కెన్నెడీ కుటుంబానికి చెందిన తల్లీ కూతురూ. 1909 జులై 1న లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చినప్పుడు అడ్డుపడబోయిన కావస్ లాల్‌కాకా అనే పార్శీ డాక్టరు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. 1928 డిసెంబరు 17న లాహోరులో భగత్ సింగ్ బృందం స్కాట్ అనే పోలీసు అధికారి అనుకుని సాండర్స్‌ను కాల్చి వెళ్లిపోతుంటే, వెంటపడిన కానిస్టేబుల్ చనన్ సింగ్‌నూ కాల్చారు. భగత్ సింగ్ అంటే నాకున్న గౌరవం చిన్నది కాదు. మరుసటి ఏడు ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో మనుషులు లేని చోటు చూసి బాంబు వేసిన చెయ్యి అది. అయినా చనన్ సింగ్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

మనకొక సామెత ఉంది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయని. చాలా నిజమైన సామెతే. కానీ అందులో ఒక చిక్కుంది. ఆంబోతుకు కాలికింద దూడ ఉందని తెలియదు. బాంబు పట్టుకున్నవాడికి బండి తోలేవాడున్నాడని తెలుసు. తెలిసీ వేశాడు. తత్వశాస్త్రం అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

మధ్యయుగపు క్రైస్తవ చింతన నుంచి, ముఖ్యంగా థామస్ అక్వినాస్ నుంచి, ఒక వాదం నడిచి వస్తోంది. ఒక పనికి రెండు ఫలితాలుంటాయి. ఒకటి మనం కోరుకున్నది, రెండోది కోరుకోకపోయినా వస్తుందని ఊహించింది. కోరి చంపడం వేరు, కోరకపోయినా చావు రావడం వేరు అంటుంది ఈ వాదం. కల్యాయెవ్ బండివాడి చావు కోరలేదు. కనుక అతని మీద హత్యాదోషం లేదా? అమెరికన్ తత్వవేత్త మైకేల్ వాల్జర్ 1977లో ‘న్యాయమైన యుద్ధాలు, అన్యాయమైన యుద్ధాలు’ అనే గ్రంథంలో దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. కోరలేదు అంటే సరిపోదు, ఆ అమాయకుడికి ముప్పు తగ్గించడానికి నువ్వు నీ మీద ఎంత ముప్పు వేసుకున్నావో చెప్పు అన్నాడు. ఈ ప్రశ్న నాకు నచ్చుతుంది. ఎందుకంటే ఇది బాంబు పట్టిన కుర్రవాడికి ఎంత వర్తిస్తుందో, విమానంలో ఎత్తున కూర్చుని మీట నొక్కే ప్రభుత్వానికీ అంతే వర్తిస్తుంది.

ప్రభుత్వాల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. టెర్రరిస్టు అనే మాట మొదట పుట్టింది ప్రభుత్వంలో ఉన్నవాళ్ల కోసమే. ఫ్రెంచి విప్లవకాలంలో రోబెస్పియర్ 1794 ఫిబ్రవరిలో సభలో నిలబడి భయోత్పాతాన్ని ధర్మానికి తోడబుట్టినదానిలా సమర్థించాడు. అదే ఏడు జులైలో అతని తల తెగాక, అతని మనుషుల్ని పిలవడానికి ఈ మాట వాడుకలోకి వచ్చింది. గిలొటిన్ ప్రభుత్వానిది, ముద్రా ప్రభుత్వానిదే. తర్వాత్తర్వాత ఆ ముద్ర ప్రభుత్వానికి ఎదురు నిలిచేవాళ్ల మీదికి మారిపోయింది. మన భాషలోనూ చూడండి. అతివాది, విప్లవకారుడు, తీవ్రవాది, ఉగ్రవాది. ఒకే చేతికి ఇన్ని పేర్లు. పలికేవాడు ఆ చేతికి ఎంత దూరంలో ఉన్నాడనేదాన్ని బట్టి పేరు మారుతుంది. అందుకే నేను పేరు దగ్గర తగువుపడను. బండి తోలేవాడేమయ్యాడు అని అడుగుతాను.

1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వబోయింది. ఎలిజబెత్ ఆన్‌స్కూంబ్ అనే యువ తత్వవేత్త లేచి అభ్యంతరం చెప్పింది. హిరోషిమా, నాగసాకిల మీద బాంబు వెయ్యమన్న మనిషి ఆయన. అమాయకుల్ని చంపడమే సాధనంగా ఎంచుకుంటే అది హత్యే, ఎంత గొప్ప ఫలితం కోసమైనా హత్యే అన్నది ఆమె వాదం. వెంట నిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పట్టా ఇచ్చేశారు. ఆమె ఒక చిన్న పుస్తకం రాసి ఊరుకుంది. ఆ చిన్న పుస్తకం ఈనాటికీ తత్వశాస్త్ర తరగతుల్లో చదువుతున్నారు.

ఇక నిర్దోషులు అనే వర్గమే లేదన్నవాళ్లూ ఉన్నారు. 1894 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఎమిల్ ఆన్రీ అనే 21 ఏళ్ల యువకుడు ఒక కాఫీ హోటల్లో బాంబు విసిరాడు. అక్కడున్నది మంత్రులు కాదు, సైన్యాధికారులు కాదు. సాయంత్రం కూర్చుని సంగీతం వింటున్న మామూలు జనం. కోర్టులో అతని సమాధానం, ఈ వ్యవస్థలో సుఖపడేవాళ్లెవరూ నిర్దోషులు కారని. కల్యాయెవ్ కంటే పదకొండేళ్ల ముందే ఈ మాట పుట్టేసింది. అందుకే హద్దులు క్రమంగా చెరిగిపోయాయన్న కామూ కథను నేను పూర్తిగా నమ్మలేకపోతున్నాను. రెండు చేతులూ పక్కపక్కనే పుట్టాయి. ఆగే చెయ్యి, ఆగని చెయ్యి.

నిజానికి ఇంకా ఎంతో ముందే పుట్టాయి. మన భారతంలోనే చూడండి. భీష్మపర్వం మొదట్లో, యుద్ధం ఆరంభం కాకముందు, ఇరుపక్షాలవాళ్లూ కూర్చుని నియమాలు పెట్టుకుంటారు. వాటిలో ఒకటి, సారథుల్ని కొట్టరాదని. బరువులు మోసే జంతువుల్ని, ఆయుధాలు అందించేవాళ్లని, శంఖం ఊదేవాళ్లని, భేరి మోగించేవాళ్లని కొట్టరాదని. అంటే బండి తోలేవాడి సంగతి మనవాళ్లకు తెలుసు. రాసి పెట్టుకున్నారు. పద్దెనిమిది రోజుల్లో ఎంతమంది సారథులు కూలారో లెక్క లేదు. ఆఖరి రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న శిబిరంలోకి దూరాడు. కృపాచార్యుడు వద్దన్నాడు. అశ్వత్థామ ఒప్పుకోలేదు. ధర్మసేతువును వాళ్లే ముందు తెంచారు, మా నాన్నను అబద్ధంతో చంపారు, ఇక నాకేం నియమం అన్నాడు. ఉపపాండవులు ఆ రాత్రే పోయారు. ఈ రెండువేల ఏళ్లలో రాజకీయ హింసను సమర్థించిన వాదాల్లో సగానికి పైగా అశ్వత్థామ నోటినుంచి అప్పుడే వచ్చేశాయని నాకనిపిస్తుంది. వాళ్లే ముందు తెంచారు. నిజమే, వాళ్లు తెంచారు. ద్రోణుడి చావు అన్యాయమే. ఆ అన్యాయానికీ నిద్రపోతున్న పిల్లలకూ ఏమిటి సంబంధం?

దీనికి ఎదురు వాదం బలమైనదే, దాన్ని దాటవేయను. ఫ్రాంజ్ ఫానన్ అల్జీరియాలో మానసిక వైద్యుడు. 1961లో వచ్చిన ఆయన చివరి గ్రంథం, వలసపాలన అనేదే అనుక్షణం సాగే హింస అని, తిరగబడి కొట్టినప్పుడే అణగారినవాడు మళ్లీ మనిషవుతాడని వాదించింది. వెన్ను వంచి బతికినవాళ్ల కోపం తెలియనివాళ్లు ఆ పుస్తకాన్ని కొట్టిపారేయవచ్చు, నేను పారేయలేను. కానీ అదే పుస్తకం చివర్లో ఫానన్ తన వైద్యానుభవాలు రాశాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఒక ఆఫ్రికా దేశపు దేశభక్తుడి గురించి ఒక చిన్న గమనిక ఉంది. ప్రతి ఏడాదీ ఒక తేదీ దగ్గరపడేసరికి అతనికి నిద్ర ఉండదు, దిగులు కమ్ముకుంటుంది, చచ్చిపోవాలనిపిస్తుంది. అతను దళం ఆదేశం మీద బాంబు పెట్టిన తేదీ అది. పదిమంది చనిపోయారు. తన పోరాటం తప్పని అతను అనుకోలేదు. ఆ తర్వాత పాత పాలక దేశస్థులతో స్నేహం కుదిరింది, వాళ్లు మంచివాళ్లుగా కనిపించారు. ఆ పదిమందిలో ఇలాంటివాళ్లుంటే అన్న ఆలోచన అతన్ని పట్టుకుంది. హింస విముక్తి ఇస్తుందని రాసిన చేతితోనే ఫానన్ ఈ గమనికా రాశాడు. ఆయన వైద్యుడు, రోగిని దాచలేదు.

కామూ వాదంలో ఇంకో మెట్టు కూడా కూలిపోయింది. ప్రాణం తీసినవాడు ప్రాణం ఇస్తే లెక్క సరిపోతుందనుకున్నాడు ఆయన. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ విశాఖపట్నం నుంచి మద్రాసు చేరి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు వెళ్లారు. దండతో వచ్చిన యువతి కాళ్లకు మొక్కడానికి వంగింది. ఆమె తన ప్రాణం ఇచ్చింది. ఆయనతో పాటు పదిమందికి పైగా చుట్టూ ఉన్నవాళ్లూ పోయారు. కాపలా పోలీసులు, పార్టీ మనుషులు. తన చావుకు సిద్ధపడటం ఇతరుల చావుకు చెల్లింపు అయితే, ఆత్మాహుతి దళాలే అందరికంటే ధర్మాత్ములు కావాలి. కాలేదు. అంటే ఖరీదు కట్టడంలోనే తప్పుంది. బండివాడి ప్రాణానికి కల్యాయెవ్ తన ప్రాణం ఇవ్వలేదు. అది డ్యూక్ ఖాతాలో జమ అయింది.

మహాత్మా గాంధీ ఈ ప్రశ్నను ఓడలో కూర్చుని ఎదుర్కొన్నాడు. ధింగ్రా కాల్పులు జరిగిన కొద్ది రోజులకే ఆయన లండన్ చేరాడు. అక్కడి భారతీయ యువకులతో నెలల తరబడి వాదించాడు. తిరుగు ప్రయాణంలో, 1909 నవంబరులో, కిల్డొనన్ కాజిల్ అనే ఓడ మీద పది రోజుల్లో ‘హింద్ స్వరాజ్’ రాశాడు. కుడిచెయ్యి నొప్పిపెడితే ఎడమచేత్తో రాశాడు. పాఠకుడు, సంపాదకుడు మాట్లాడుకుంటున్నట్టుండే ఆ పుస్తకంలో పాఠకుడు ఆ లండన్ యువకుల గొంతు. సాధనం విత్తనం, సాధ్యం చెట్టు అన్న పోలిక అందులోదే. ఆ పోలికను నీతివాక్యంగా వింటూ పెరిగాం కాబట్టి దాని పదును మనకు మొద్దుబారింది. రష్యాలో ఏమైందో చూస్తే పదును తెలుస్తుంది. పిల్లల్ని వదిలేసిన ఆ దళం మొత్తానికి అప్పుడు పెద్ద నాయకుడు యెవ్నో అజెఫ్. అతను పోలీసుల దగ్గర జీతం తీసుకునే గూఢచారి అని 1908లో బయటపడింది. రహస్యమే ఊపిరిగా బతికే సంస్థలో ఎవరు ఎవరి మనిషో ఎవరికి తెలుస్తుంది? ఆ రాత్రి చెయ్యి ఆగడంతో బతికిన ద్మిత్రీ పెరిగి పెద్దవాడై, 1916 డిసెంబరులో రాస్పుటిన్‌ను చంపిన కుట్రలో ఒకడయ్యాడు. ఆ రాత్రి బతికిన ఎలిజబెత్‌ను 1918 జులైలో, విప్లవ ప్రభుత్వపు మనుషులు అలపాయెవ్‌స్క్ దగ్గర గనిగుంటలోకి తోసి చంపారు.

హన్నా ఆరెంట్ 1970లో హింస మీద రాసిన చిన్న పుస్తకంలో, అధికారమూ హింసా ఒకటి కావు, ఎదురుబొదురు అంది. జనం కలిసి నిలబడితే వచ్చేది అధికారం. తుపాకీ గొట్టం నుంచి విధేయత వస్తుంది, అధికారం రాదు. తెలుగునేల మీద దీన్ని పరీక్షించుకోవచ్చు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర అల్లూరి సీతారామరాజు దళం కనుమలో పొంచి ఉంది. ముందు నడిచిన భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలిద్దర్నీ కాల్చారు. మన్యం ఆయన వెంట నిలబడటానికి ఆ పోనివ్వడం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం నుంచి ఉత్తర తెలంగాణ వరకు నక్సలైట్ల తుపాకులు, ఎదురుగా పోలీసుల ఎన్‌కౌంటర్లు. ఎదురుకాల్పులు అనే మాటను ఎంత సులువుగా మింగేశామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజుల్లో పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన బాలగోపాల్, ప్రభుత్వ హింస మీద రాజీ లేకుండా పోరాడుతూనే, నక్సలైట్ల తుపాకీ కింద నలిగే పల్లెజనం గురించీ అడగాలన్నాడు. ఆ తేడాతోనే పాత సంస్థ నుంచి బయటికి వచ్చి, 1998లో మానవహక్కుల వేదికను నిలబెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. రెండువైపులా మాటలు పడ్డాడు. ఎస్.ఆర్. శంకరన్ గారు పేదల అధికారిగా పేరు పొందిన ఐఏఎస్. 1987లో తూర్పు గోదావరి అడవుల్లో నక్సలైట్లు ఆయన్నీ మరికొందరు అధికారుల్నీ బందీలుగా తీసుకువెళ్లారు. అలా బందీ అయిన మనిషే పదేళ్లకు పౌరస్పందన వేదిక పెట్టి, అటు ప్రభుత్వంతో, ఇటు దళాలతో ఓపిగ్గా మాట్లాడారు. 2004 అక్టోబరులో చర్చల బల్ల దగ్గరికి ఇద్దర్నీ తీసుకొచ్చినదాంట్లో ఆయన చెమట ఉంది. కొద్ది నెలల్లోనే ఆ చర్చలు చెదిరిపోయాయి. చెదిరినందుకు ఆ చెమటను తక్కువ చెయ్యలేను. ఇక 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాదులో బాంబులు పేలినప్పుడు కోఠీ గోకుల్ చాట్ దగ్గర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు, లుంబినీ పార్కులో లేజర్ షో చూడటానికి కూర్చున్నవాళ్లు, వీళ్లంతా నాకు అంద్రేయ్ రుదింకిన్‌కు అయినవాళ్లే.

మళ్లీ మాస్కోకి వస్తాను. బాంబు పేలిన చప్పుడు విని ఎలిజబెత్ పరుగెత్తుకొచ్చింది. భర్త శరీరం ముక్కల్ని మంచులోంచి తన చేతులతో ఏరింది. తర్వాత జైలుకు వెళ్లి కల్యాయెవ్‌ను కలిసింది, పశ్చాత్తాపపడమని అడిగింది. అతను పడలేదు. కామూ నాటకంలో ఈ జైలు సన్నివేశం ఉంది. ఆమె వెళ్లిన ఇంకో చోటు నాటకంలో లేదు. జైలుకు వెళ్లేముందే ఆమె ఆస్పత్రికి వెళ్లింది. బండివాడికి అనుమానం రాకూడదని నల్ల బట్టలు వేసుకోకుండా, మామూలు బట్టల్లోనే వెళ్లిందని చెబుతారు. అతను దొరగారెలా ఉన్నారని అడిగాడట. ఆయనే నన్ను నీ దగ్గరికి పంపారని చెప్పిందట. అతను స్థిమితపడ్డాడు. తర్వాత అతని శవపేటిక వెనక ఆమె నడిచింది.